ఆ ఉత్తరం నేను రాయను

పోయిన నెలలో ఒక రాత్రి సీనియర్ అక్క ఫోన్ చేసింది. డిగ్రీలో మా బాస్కెట్‌బాల్ జట్టుకి కెప్టెన్ తను. ఇప్పుడు ఏలూరులో ఉంటోంది. "తెలిసిందా నీకు? మాస్టార్ని ఉద్యోగంలోంచి తీసేస్తారంట" అంది. గొంతులో ఏడుపు. ఇప్పుడు జట్టులో ఉన్న ముగ్గురు అమ్మాయిలు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారట. కాలేజీ కమిటీ విచారణ మొదలుపెట్టిందట. పాత విద్యార్థినులందరం సంతకాలు పెట్టి యాజమాన్యానికి ఒక ఉత్తరం ఇవ్వాలట. "తెలుగులో డాక్టరేటు చేసినదానివి, నువ్వే రాయాలే. చదివినవాళ్లకి కళ్లనీళ్లు తిరగాలి" అంది.

"చూస్తాను అక్కా" అన్నాను. కాదని చెప్పలేనప్పుడు ఆడపిల్లలం అనే మాట అది. అది కూడా నేను ఆ కోర్టులోనే నేర్చుకున్నాను. నాలుగు రోజులు ఆ మాటకి సిగ్గుపడ్డాక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. అక్క అడిగిన ఉత్తరం మాత్రం కాదు.

మాది తణుకు. చదువుకున్నది ఆ చుట్టుపక్కలే ఒక కాలేజీలో. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. ఈ వ్యాసం చదివే ప్రతి ఒక్కరికీ తమ కాలేజీ పేరు ఒకటి గుర్తొస్తుందని నాకు తెలుసు.

మాస్టారు అంటే మా ఫిజికల్ డైరెక్టర్. కాలేజీ అంతా పీడీ గారు అనేది, మేం మాత్రం మాస్టారు అనేవాళ్లం. పొద్దున్న అయిదున్నరకల్లా గ్రౌండులో ఉండేవారు. సిమెంటు కోర్టుకి పగుళ్లొస్తే సొంత డబ్బు పెట్టి పూడ్పించారు. బూట్లు కొనుక్కోలేని పిల్లలకి కొనిచ్చారు. ఆడపిల్లలు నిక్కర్లేసుకుని ఆడడమేమిటన్న తండ్రుల ఇళ్లకి స్కూటర్ మీద వెళ్లి, అరుగుల మీద కూర్చుని, ఒప్పించి వచ్చారు. మా నాన్నని ఒప్పించింది ఆయనే. ఎమ్మేలో నాకు సీటు వచ్చింది స్పోర్ట్స్ కోటాలో. ఆ సర్టిఫికెట్ల మీద ఉన్నది ఆయన సంతకం. ఇది రాస్తున్న చెయ్యి ఆయనకి బాకీ పడి ఉంది. ఈ సంగతి దాచిపెట్టి మిగతాది చెబితే నేను అబద్ధాలకోరునవుతాను.

మిగతాది ఇది. షాట్ వెయ్యడం నేర్పేటప్పుడు ఆయన చేతులు నడుం మీద అవసరానికి మించి ఉండేవి. ప్రాక్టీసుకి రాకపోతే ఎందుకు రాలేదో మగపిల్లల జట్టు వినేలా అడిగేవారు, నెలసరి తేదీలు డైరీలో రాసుకునేవారు. బంతి చేజారితే విజిల్ తాడు పిక్కల మీద పడేది. కాస్త ఒళ్లు చేసిన పిల్లని గేదె అనేవారు. టోర్నమెంటు నుంచి రాత్రిళ్లు బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఒక అమ్మాయి ఆయన పక్కసీటులో కూర్చోవాలి. ఎవరు కూర్చోవాలో ఆయనే చెప్పేవారు. మిగతావాళ్లం కిటికీల వైపు తిరిగి నిద్ర నటించేవాళ్లం. ఆ పూట వంతు నాది కాదని తెలిసినప్పుడు నాకు హాయిగా ఉండేది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదిహేనేళ్లు పైనే పట్టింది.

మా జట్టులో కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉండేది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు వాళ్ల నాన్న పనిచేసే చెరువు పోయింది. ఆమెకి ఆట సరదా కాదు. ఆటంటే హాస్టల్లో తిండి, రేపెప్పుడో పోలీసు ఉద్యోగం. పక్కసీటు వంతు ఎక్కువసార్లు ఆమెకే వచ్చేది. అప్పుడు అది కాకతాళీయం అనుకున్నాను. కాదంటే ఇంటికి వెళ్లిపోగలిగిన పిల్ల ఎవరో, వెళ్లలేని పిల్ల ఎవరో మాస్టారికి మా అందరికంటే బాగా తెలుసు. మూడో ఏడు మధ్యలో ఆమె ఆట మానేసింది. తర్వాత చదువూ మానేసింది. "దానికి ఒళ్లు వంగదు" అన్నారు మాస్టారు. మేం నవ్వాం.

అక్క ఫోన్లో ఉత్తరానికి కావలసిన మాటలు కూడా చెప్పింది. వాటిని కాగితం మీద రాసుకున్నాను. ఒక్కొక్కటీ విడిగా చూస్తే మన సమాజం ఇలాంటి మనుషుల కోసం ఎప్పటినుంచో సిద్ధం చేసి పెట్టుకున్న మాటలే అవి.

మొదటిది: "ఆయన మాకు గురువు, తండ్రి లాంటివారు."

నన్నయ తమ ఊరివాడని తణుకులో గర్వంగా చెప్పుకుంటారు. ఆయన తెలుగు చేసిన ఆదిపర్వంలోనే ఏకలవ్యుడి కథ ఉంది. పుట్టుక చూసి చదువు చెప్పనన్న గురువు, తను నేర్పని విద్యకి దక్షిణగా బొటనవేలు అడుగుతాడు. ఆ గురువు పేరు మీదే భారత ప్రభుత్వం 1985 నుంచి క్రీడా శిక్షకులకి ద్రోణాచార్య అవార్డు ఇస్తోంది. ఈ దేశంలో శిక్షకుడి అత్యున్నత గౌరవానికి, శిష్యుడి శరీరంలో ఒక భాగాన్ని అడిగి తీసుకున్నవాడి పేరు పెట్టారంటే, గురుత్వం అంటే మనకేమిటో వేరే చెప్పాలా? శిష్యుల శరీరం గురువుది. ఆ భావనకి ఆడపిల్ల శరీరం తోడైతే ఏమవుతుందో మా బస్సులో చూశాను.

2017లో 'గురు' అని ఒక తెలుగు సినిమా వచ్చింది. దర్శకురాలు సుధ కొంగర. లైంగిక వేధింపుల ఆరోపణ మీద ఒక బాక్సింగ్ శిక్షకుడు విశాఖపట్నానికి బదిలీ అవుతాడు. ఆ ఆరోపణ కుట్ర. నిజంగా వేధించేవాడు పైన ఉన్న అధికారి. శిష్యురాలు శిక్షకుణ్ని ప్రేమిస్తుంది. సినిమా నాకు నచ్చింది, అందులో పిల్ల పొగరు మరీ నచ్చింది. కానీ మన కథల్లో ప్రాణం పెట్టి నేర్పేవాడు ఒకడు, వేధించేవాడు వేరొకడు. ఆ ఇద్దరూ ఒకే మనిషిగా ఉండే కథ మనకి రాయడం రాదు. మా కోర్టులో ఆ ఇద్దరూ ఒకే మనిషి. మాకు బూట్లు కొన్న చేతులూ, నడుం మీద ఆగిన చేతులూ ఒకటే. అందుకే మాకు భాష లేకపోయింది.

రెండోది: "ఎంతమంది జీవితాలు నిలబెట్టారో చూడాలి కదా."

ఈ మాట మన గోదావరి జిల్లాల్లో పుట్టింది కాదు. అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో బాబ్ నైట్ అనే బాస్కెట్‌బాల్ శిక్షకుడు 29 ఏళ్లు పనిచేశాడు. 1976, 1981, 1987 సంవత్సరాల్లో మూడు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు తెచ్చాడు. తన జట్టు పిల్లల్ని శ్రద్ధగా చదివించాడని కూడా ఆయనకి పేరుంది. 1988లో ఒక టీవీ ముఖాముఖిలో, అత్యాచారం తప్పదనుకుంటే ఆనందించడమే మేలన్న అర్థం వచ్చే మాట ఒక మహిళా విలేఖరితో అన్నాడు. ఉద్యోగం పోలేదు. 1997 నాటి ప్రాక్టీసులో ఒక ఆటగాడి గొంతు మీద చెయ్యి వేసిన దృశ్యం 2000లో బయటపడింది. అప్పుడూ పోలేదు. మూడు ఆటల నిషేధం, జరిమానా, ఇకమీదట ఏ చిన్న తప్పూ సహించం అన్న హెచ్చరిక. కొన్ని నెలలకి ఒక విద్యార్థి చెయ్యి పట్టుకుని దబాయించాడన్న ఫిర్యాదు వచ్చాకే, 2000 సెప్టెంబరులో అధ్యక్షుడు మైల్స్ బ్రాండ్ ఆయన్ని తొలగించాడు. వేలమంది విద్యార్థులు అధ్యక్షుడి ఇంటి మీదికి ఊరేగింపుగా వెళ్లారు. ఫిర్యాదు చేసిన కుర్రవాడికి బెదిరింపులు వచ్చాయి. నైట్‌కి ఏడాది తిరక్కుండానే 2001లో మరో విశ్వవిద్యాలయం ఉద్యోగం ఇచ్చింది.

ఇందులో జీవితం నాశనమైంది ఎవరిది? పెద్దమనిషి బతుకు వీధిన పడుతుందని మనం కన్నీళ్లు పెడతాం. ఆయనకి ఇంకో కోర్టు దొరుకుతుంది. కొల్లేటి పిల్లకి ఇంకో డిగ్రీ దొరకలేదు.

నిలబెట్టిన జీవితాల లెక్కలో నేనూ ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. నన్ను ఆ మనిషికి సాక్ష్యంగా చూపించకండి. నేను నిలబడడం, ఆమె కూలిపోవడం ఒకే కోర్టులో, ఒకే చేతుల మీదుగా జరిగాయి. మంచి పనులు బ్యాంకులో వేసుకున్న డబ్బు కాదు, అవసరమైనప్పుడు తీసి తప్పులకి కట్టుకోవడానికి. పైగా ఆ మంచి పేరే తప్పుకి దారి ఇచ్చింది. మా నాన్న రాత్రి బస్సులో నన్ను పంపించింది ఆయన మీద గౌరవంతోనే. గౌరవం లేని మనిషైతే మా అమ్మ గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు.

మూడోది: "చిన్న పొరపాట్లకి ఉద్యోగం తీసేస్తారా?"

బస్సు అంటే నాకు ఇంకో బస్సు గుర్తొస్తుంది. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ క్రికెట్ సంఘం తన మహిళల జట్టు ప్రధాన శిక్షకుడు విద్యుత్ జైసింహని సస్పెండ్ చేసింది. జట్టు ప్రయాణిస్తున్న బస్సులో క్రీడాకారిణుల ముందే మద్యం తాగారని, వాళ్లని తిట్టారని ఆరోపణ. ఆయన రంజీ ఆడిన క్రికెటర్, హైదరాబాద్ క్రికెట్లో ఎంతో గౌరవమున్న ఎం.ఎల్. జైసింహ కుమారుడు. ఆ ఆరోపణల నిజానిజాలు తేల్చడం నా పని కాదు, తేల్చగలనని కూడా అనను. నేను చూస్తున్నది రెండు విషయాలు. ఆరోపణ రాగానే, విచారణ తేలేదాకా జట్టుకి దూరంగా ఉండమన్నారు. అది సరైన క్రమం. రెండోది, అప్పుడు వినిపించిన ప్రశ్న: బస్సులో తాగడం కూడా పెద్ద నేరమేనా?

నేరం, దుష్ప్రవర్తన ఒకటి కాదు. జైలుకి పంపాలా వద్దా అన్నది కోర్టు అడిగే ప్రశ్న. ఇరవైమంది ఆడపిల్లల్ని రాత్రిపూట ఈ మనిషి చేతికి అప్పగించవచ్చా అన్నది కాలేజీ అడగాల్సిన ప్రశ్న. ఉద్యోగం ఆయన ఆస్తి కాదు. మా హాస్టల్ తాళంచెవి లాంటిది అది. తాళంచెవి ఎవరి చేతిలో పెట్టామో వాళ్లు సరిగా వాడకపోతే వెనక్కి తీసుకుంటాం. వెనక్కి తీసుకోవడం ఉరిశిక్ష కాదు.

చిన్నదా పెద్దదా అన్న కొలత ఎవరి చేతుల్లో ఉందో కూడా చూడాలి. అమెరికాలోనే రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మైక్ రైస్ అనే శిక్షకుడు ఆటగాళ్లని తోసెయ్యడం, మొహాన బంతులు విసరడం, బూతులు తిట్టడం ఉన్న వీడియోని అధికారులు 2012లోనే చూశారు. చూసి మూడు ఆటల నిషేధం, 50,000 డాలర్ల జరిమానా చాలనుకున్నారు. 2013 ఏప్రిల్లో అదే వీడియో టీవీలో దేశమంతా చూసింది. మర్నాడే ఉద్యోగం పోయింది. వీడియో మారలేదు. చూసే కళ్లు పెరిగాయి, అంతే. తప్పు చిన్నదనే తీర్పు ఎప్పుడూ తలుపులు మూసిన గదిలోనే వస్తుంది.

నాలుగోది: "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు?"

ఇది నన్నే అడుగుతున్నారు. చెబుతాను. సెలక్షన్స్‌కి ఎవరు వెళ్లాలో ఆయన చేతిలో ఉంది. సర్టిఫికెట్ ఆయన చేతిలో ఉంది. ఇంట్లో చెబితే ముందు ఆట మాన్పిస్తారు, తర్వాత చదువు, ఆ తర్వాత పెళ్లి. ఆడపిల్ల ఫిర్యాదుకి మొదటి శిక్ష ఆడపిల్లకే పడుతుంది. 2023 జనవరిలో ప్రపంచ పోటీల్లో, ఒలింపిక్స్‌లో పతకాలు తెచ్చిన రెజ్లర్లు జంతర్ మంతర్ దగ్గర కూర్చుని, తమ సమాఖ్య అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేశారు. ఆయన కాదన్నాడు. సుప్రీంకోర్టు గుమ్మం తొక్కితే గానీ ఏప్రిల్‌లో ఎఫ్ఐఆర్ నమోదు కాలేదు. మెడలో పతకాలున్నవాళ్లకే అంత పట్టింది. మెడలో విజిల్ తాడు భయం తప్ప ఏమీ లేని మాకు ఎంత పట్టాలి?

1997లో విశాఖ తీర్పు వచ్చింది. 2013లో చట్టం వచ్చింది. పనిచేసే చోటు అంటే ఏమిటో చెప్పేటప్పుడు ఆ చట్టం క్రీడా సంస్థల్ని, స్టేడియాల్ని, పోటీలు జరిగే చోట్లని పేరుపెట్టి చేర్చింది. పని మీద చేసే ప్రయాణానికి సంస్థ ఏర్పాటు చేసిన వాహనాన్నీ చేర్చింది. అంటే మా బస్సు కూడా. అయినా రెజ్లర్ల పోరాటం నాటికి చూస్తే, 30 జాతీయ క్రీడా సమాఖ్యల్లో దాదాపు సగం చోట్ల ఆ చట్టం అడిగిన కమిటీ లేదు, లేదా సరిగా లేదు. ఫిర్యాదుకి చట్టం ఇచ్చిన గడువు మూడు నెలలు, కారణం చూపితే ఇంకో మూడు. నా ఫిర్యాదుకి ఎప్పుడో కాలం చెల్లింది. కానీ సాక్షి మాటకి అలాంటి గడువు లేదు. ఆ ముగ్గురు పిల్లలు ఇప్పుడు మాట్లాడారు కాబట్టే నేనూ మాట్లాడగలుగుతున్నాను. "ఇప్పుడెందుకు" అన్నదానికి నా జవాబు అది. వాళ్లు మాకంటే ధైర్యవంతులు కాబట్టి.

అయిదోది అక్క చివర్లో చెప్పింది: "ఆయన పోతే ఆడపిల్లల జట్టు ఉండదే."

ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. ఇది అబద్ధం కాదు. ఆయన వెళ్లిపోతే యాజమాన్యం ఆ పోస్టు ఖాళీగా వదిలెయ్యొచ్చు. కోర్టులో బైకులు పెట్టుకుంటారు. "చూశారా, ఆడపిల్లలకి ఆటలు పెడితే ఇదీ వరస" అని తండ్రులు అనుకుంటారు. ఆ నష్టం నిజం, నేను దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆట కావాలంటే ఇది భరించాలి అన్న బేరం ఎవరు పెట్టారు? మగపిల్లల జట్టుకి ఎవరూ ఆ బేరం పెట్టలేదే. మనం అడగాల్సింది ఆయన్ని ఉంచమని కాదు. ఆ పోస్టులో ఒక స్త్రీని నియమించమని, ప్రయాణాల్లో మహిళా అధ్యాపకురాలు తప్పనిసరిగా ఉండాలని, సెలక్షన్ ఒక్కడి సంతకం మీద నడవకూడదని అడగాలి. జూనియర్ కాలేజీ పిల్లలు కూడా ఆ కోర్టులోనే ఆడతారు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల మీద జరిగే లైంగిక నేరం గురించి తెలిసి చెప్పకపోవడం 2012 పోక్సో చట్టం కింద నేరం. ఈ సంగతి యాజమాన్యానికి ఎవరైనా గుర్తుచెయ్యాలి.

అయితే విచారణ లేకుండా తీసెయ్యమంటున్నానా? కాదు. 2017లో విశ్వవిద్యాలయాల అధ్యాపకుల పేర్లతో ఒక జాబితా బయటికొచ్చినప్పుడు స్త్రీవాదులం రెండుగా చీలిపోయాం. ప్రక్రియ కావాలన్నవాళ్లు, ప్రక్రియే మమ్మల్ని మోసం చేసిందన్నవాళ్లు. ఇద్దరి మాటా నిజమే. నాకు విచారణ కావాలి, మాస్టారికి తన మాట చెప్పుకునే హక్కు ఉండాలి. అందుకే 2015 నాటి యూజీసీ నిబంధనలు పాటించమంటున్నాను: కమిటీకి స్త్రీ అధ్యక్షత వహించాలి, ప్రిన్సిపాల్ అందులో ఉండకూడదు, విద్యార్థుల విషయమైతే విద్యార్థి ప్రతినిధులు ఉండాలి, 90 రోజుల్లో విచారణ పూర్తవ్వాలి. ఈలోగా ఆయన గ్రౌండులోకి రాకూడదు. ఆ పిల్లలు చెప్పింది నిజమని తేలితే తొలగించాలి. బదిలీ కాదు, మందలింపు కాదు, సన్మానంతో పదవీ విరమణ అసలే కాదు. బదిలీ అంటే ఇంకో ఊరి పిల్లల్ని అప్పగించడం. ప్రక్రియని అడ్డుకునేది నేను కాదు. విచారణ తేలకముందే "మా మాస్టారు అలాంటివారు కాదు" అని రెండొందల సంతకాలతో వచ్చే ఉత్తరమే ఆ ముగ్గురి గొంతు నొక్కే ప్రక్రియ.

ఇది చదువుతున్న మనలో చాలామందికి బాస్కెట్‌బాల్ కోర్టుతో పని లేదు. కానీ గైడ్ సంతకం కోసం ఇంటి వరండాలో ఎదురుచూసిన సాయంకాలాలు ఉన్నాయి. వైవా తేదీ ఎవరి చేతిలో ఉందో తెలిసి నవ్విన నవ్వులు ఉన్నాయి. కొందరు ఆచార్యుల షష్టిపూర్తి సంచికలకి, వాళ్ల గురించి తెలిసీ, వ్యాసాలు రాసి పంపిన చేతులు మనవి. పితృస్వామ్యాన్ని కవిత్వంలో, కథలో ఎంత బాగా విశ్లేషిస్తామో, మన రెఫరెన్స్ లెటర్ రాసిన మనిషి దగ్గరికొచ్చేసరికి అంత చక్కగా "చూస్తాను" అంటాం. అక్కని నేను నిందించలేను. ఆమె ఆయన్ని నిజంగా తండ్రి అనుకుంటోంది. ఆ పక్కసీటులో ఆమె కూడా కూర్చుంది. నేను చూశాను.

నిన్న అక్కకి ఫోన్ చేశాను. ఉత్తరం రాశానని, కానీ యాజమాన్యానికి కాదు, కమిటీకి అని చెప్పాను. నేను చూసింది, చూసి కిటికీ వైపు తిరిగింది, రెండూ అందులో రాశానని చెప్పాను. బాకీ మాటేమిటే అంది. మాస్టారు నాకు ఆట నేర్పారు, ఆ బాకీ ఆ కోర్టులో ఇప్పుడు ఆడుతున్న పిల్లలకి తీరుస్తున్నాను అన్నాను.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "అందులో నా పేరు రాశావా?"

రాయలేదక్కా. అది నువ్వు రాసుకోవలసిన ఉత్తరం.